ఏకతార మీద క్రీస్తు పాట: తిలక్ కవిగారి జీవితము

ఈ నెల 150వ కీర్తనను మరియొకసారి తీసి చదువుడి. ఆరు వచనముల ఆ చిన్న కీర్తనలో దేవుని స్తుతించుటకు భక్తుడు వాద్యములను ఒకదాని వెంట ఒకటిగా పిలుచుచున్నాడు. మన తెలుగు బైబిలును తర్జుమా చేసిన పెద్దలు ఆ హెబ్రీ వాద్యములకు ఏ పేర్లు పెట్టిరో గమనించితిరా? స్వరమండలము, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, తాళములు. యెరూషలేము దేవాలయములో మ్రోగినవి సరిగా ఇవియే అని వారి భావము కాదు. చదువరి చెవిలో నిజముగా ఒక నాదము మ్రోగవలెనని, వాడు తన దేశములో విని యెరిగిన వాద్యముల పేర్లనే అక్కడ ఉంచిరి. ఇది చిన్న సంగతివలె కనబడును గాని, చిన్నది కాదని మా తలంపు.

జపాను దేశపు దక్షిణపు కొనలో ఒకినావా అను ద్వీపమున్నది. అచ్చటి జనుల వాద్యము పేరు సాన్‌షిన్. పొడవైన కాడ, మూడు తంతులు, పాము చర్మము బిగించిన చిన్న బుర్ర. ఆ ద్వీపవాసుల పాటలకు ఇది ప్రాణము వంటిది. 1945వ సంవత్సరపు యుద్ధము ఆ ద్వీపమును నేలమట్టము చేసెను. ఇండ్లు పోయి శిబిరములలో తలదాచుకొనిన జనులు ఖాళీ డబ్బాలను బుర్రలుగాను, పారాచూట్ త్రాళ్లను తంతులుగాను పెట్టి మరల సాన్‌షిన్‌లు చేసికొనిరి. తినుటకే లేని దినములలో వారికి ఆ మూడు తంతులు కావలసి వచ్చెను. అట్టి జనులలో ఒక విశ్వాసి ఆ వాద్యము కొరకు ప్రభువును గూర్చి పాట వ్రాయ పూనుకొనెననుకొందము. వానికి మొదట ఎదురగు చిక్కు రాగము కాదు. ఇదివరకు లోకపు పాటలను, పాతదినముల పూజలను ఎరిగిన ఈ తంతి మీద రక్షకుని నామము పలుకవచ్చునా? పలికినయెడల సంఘపు పెద్దలు ఏమందురు? పలుకనియెడల, నా తల్లియు నా యిరుగుపొరుగువారును ఎన్నటికైనను ఆ పాటను తమదనుకొని పాడుదురా?

ఈ ప్రశ్నకు మన దేశములోనే, మనకు పొరుగుననున్న మహారాష్ట్రములో, ఒక మనుష్యుడు తన జీవితమంతటితో జవాబు చెప్పెను. ఆయన పేరు నారాయణ వామన తిలక్ గారు. తిలక్ అనగానే మనలో అనేకులకు స్వరాజ్యము కొరకు పోరాడిన బాలగంగాధర తిలక్ గారు జ్ఞప్తికి వత్తురు. ఆయన వేరు, ఈయన వేరు. ఇద్దరును రత్నగిరి ప్రాంతపు చిత్పావన బ్రాహ్మణులే, ఇద్దరును ఇంచుమించు ఒకే కాలమువారే గనుక మరాఠీ దేశములోనే జనులు పొరబడుట కద్దు. మనము చెప్పుకొనుచున్నవాడు కవి.

ఆయన 1861వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన రత్నగిరి జిల్లాలోని కరజ్‌గావ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి సర్కారు ఉద్యోగి, కోపిష్ఠి. తల్లి జానకీబాయి భక్తిపరురాలు, పాటయనిన ఆమెకు ప్రాణము. ఆ కాలపు మరాఠీ పల్లెలలో స్త్రీలు తెల్లవారకమునుపే లేచి తిరుగలి ముందు కూర్చుండి, పిండి విసరుచు ఓవీలు పాడుకొనెడివారు. మన యిండ్లలో అవ్వలు పాడిన తిరుగలి పాటలవంటివే అవి. కవి కాబోవు బాలుని చెవికి అలవడిన లోకము అట్టిది. పండ్రెండేండ్లు నిండీ నిండకముందే తల్లి చనిపోయెను. తండ్రితో పొసగక పిల్లవాడు ఇల్లు విడిచి నాసిక్ పట్టణమునకు పోయెను. అచ్చట గణేశశాస్త్రి లేలే గారను పండితుని యొద్ద సంస్కృతమును, పాఠశాలలో కొంత ఇంగ్లీషును నేర్చుకొనెను. బడి చదువు అంతటితో ఆగిపోయెను.

1880లో ఆయనకు వివాహమయ్యెను. వధువు నాసిక్ సమీపమున జలాల్‌పూర్ గోఖలే వారి పిల్ల. అప్పటికి ఆమె పది పండ్రెండేండ్ల బాలిక, అక్షరము రాదు. అత్తవారింట ఆమెకు లక్ష్మీబాయి అని పేరు పెట్టిరి. ఆమె పుట్టినింటిలో మడి ఎంత కఠినమనగా, బజారునుండి వచ్చిన దినుసులనుకూడ కడుగనిదే లోపలికి రానిచ్చెడివారు కారు. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తరువాత ఆ యింటి కుమార్తె నడచిన దారి ఎంత దూరమో దీనినిబట్టి తెలియగలదు.

పెండ్లియైన పిమ్మట తిలక్ గారు ఒకచోట నిలువలేదు. కొంతకాలము ఉపాధ్యాయుడు, కొంతకాలము పురోహితుడు, మరికొంతకాలము అచ్చుకూటములో పనివాడు. ఊరినుండి ఊరికి తిరుగుచు పద్యములు చెప్పుచు, చేతిలోనిది అడిగినవారికెల్ల ఇచ్చివేయుచుండెను. ఇంటి ఖర్చులకని ఉంచిన డబ్బు ఇల్లు చేరక మునుపే దారిలో ఎవరికో చెందెడిది. ఇట్టివానితో సంసారము ఎంత కష్టమో, మరియు ఎంత నవ్వు పుట్టించునదో లక్ష్మీబాయి గారే తరువాత తన స్మృతులలో వ్రాసిరి. ఈ తిరుగుడంతటిలోను ఆయన మనస్సును ఒక ప్రశ్న విడువలేదు. ఈ దేశము బాగుపడవలెనన్న కులభేదము పోవలెను. కులభేదమును పోగొట్టగల మతమెక్కడ? శాస్త్రములు వెదకెను, తానే ఒక క్రొత్త మతము కల్పింపవలెనని కూడ తలంచెను.

1893లో ఆయన నాగపూరునుండి రాజనందగావ్‌నకు రైలులో పోవుచుండెను. అదే పెట్టెలో ఒక తెల్లదొర కూర్చుండియుండెను. ఇద్దరును కవిత్వమును గూర్చి, తరువాత మతమును గూర్చి మాటలాడుకొనిరి. దిగునప్పుడు ఆ దొర ఒక క్రొత్త నిబంధనను ఆయన చేతికిచ్చి, రెండేండ్లలో నీవు క్రైస్తవుడవగుదువని చెప్పి పోయెను. ఆ దొర ఎవరో తిలక్ గారికి తరువాత ఎన్నడును తెలియలేదు. ఎక్కడివాడో, ఏమి చేయువాడో యెరుగని ఒక బాటసారి ఇచ్చిన పుస్తకము అది. మనము సంతలో పంచిపెట్టు సువార్త భాగములు ఎవరి చేతిలో పడునో మనమును ఎరుగము గదా.

ఆయన ఆ పుస్తకమును మాట నిలుపుకొనుటకే చదువ మొదలుపెట్టెను. మత్తయి సువార్త 5వ అధ్యాయమునకు వచ్చునప్పటికి పుస్తకము క్రింద పెట్టలేకపోయెను. కొండమీది ప్రసంగములో తాను ఇన్నాళ్లుగా అడుగుచున్న ప్రశ్నలకు జవాబులు కనబడెను. అంతట బొంబాయిలోని అమెరికన్ మరాఠీ మిషను వారికి రహస్యముగా ఉత్తరములు వ్రాయసాగెను. వారిలో జస్టిన్ అబట్ దొరగారు ముఖ్యులు. ఈ అబట్ దొరగారే తరువాతి కాలమున మరాఠీ భక్తకవుల చరిత్రలను, పాటలను ఇంగ్లీషులోనికి తెచ్చినవారు. ఆ ఉత్తరములు తగిన మనుష్యునికే చేరినవని చెప్పవలెను. 1895వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన తిలక్ గారు బొంబాయిలో బాప్తిస్మము పొందెను. దొరల చేత గాక స్వదేశీయుడైన పాదిరిచేత పొందవలెనని ఆయన కోరెను. తుకారాం నాథోజీ అను పాదిరిగారు ఆ బాప్తిస్మమిచ్చిరి.

ఈ వార్త ఆయన భార్యకు పిడుగుపాటు. భర్త బ్రదికియుండగానే పోయినవానితో సమానమయ్యెను. చిన్నవాడైన కుమారుడు దత్తును తీసికొని ఆమె బంధువుల యొద్దకు చేరెను. కొంతకాలము పండరీపురములోనే ఉండెను. విఠోబా గుడి ఉన్న పుణ్యక్షేత్రమది. నాలుగేండ్లకు పైగా భార్యాభర్తలు వేరుగానుండిరి. తిలక్ గారు మరియొక వివాహమును తలపెట్టలేదు, ఆమెను బలవంతపెట్టనులేదు. ఉత్తరములు వ్రాయుచు కాచుకొనియుండెను. తుదకు ఆమె భర్త యొద్దకు వచ్చెను గాని మతములోనికి రాలేదు. ఒకే యింటిలో తన నీళ్లు తాను తెచ్చుకొనుచు, తన వంట తాను వేరుగా వండుకొనుచు, కులము కాపాడుకొనుచుండెను. ఆయన ఆ పొయ్యిని ఆర్పుమని అడుగలేదు. దేవుడు కులములను చేసియుండిన మనుష్యుల శరీరములలో ఏదో గుర్తు పెట్టియుండడా అని ఆమె తనలో తానే ఆలోచించుకొని, క్రమముగా ఆ గోడను తానే పడగొట్టుకొనెను. 1900లో ఆమెయు బాప్తిస్మము పొందెను. అది గొప్ప కరవు కాలము. దినుసులను సైతము కడిగించిన యింటి కుమార్తె కరవుచేత దిక్కులేనివారైన పిల్లలను, వారి కులము అడుగక, తన వంటింటిలోనికి తీసికొనెను.

ఇక పాటల సంగతి.

అహ్మద్‌నగర్ ప్రాంతములో అమెరికన్ మిషను వారి పని 1831లో ఆరంభమైనది. సంఘములో చేరినవారు ఎక్కువగా మహర్లును మాంగులును. అనగా ఊరి వెలుపల ఉంచబడి, బావియొద్దకు రానియ్యబడని జనులు. తొలిదినములలో మిషనెరీ దొరలు తమ దేశపు కీర్తనలను మరాఠీలోనికి మార్చి తమ దేశపు రాగములకే పాడించిరి. వారిని తప్పు పట్టుటకు మాకు మనస్సు రాదు. తమకు ప్రాణమైన పాటలనే వారు తెచ్చియిచ్చిరి. అయితే ఒక చిక్కున్నది. ఇంగ్లీషు పాటలో మాటకొక ఊనిక ఉండును, ఆ ఊనిక దెబ్బ మీద పడవలెను. మన భాషలలో ఊనిక కాదు, హ్రస్వదీర్ఘములు లెక్క. ఇంగ్లీషు రాగములో మన మాటలను పోసినప్పుడు హ్రస్వము సాగిపోవును, దీర్ఘము కుదించుకొనిపోవును, ఒక మాట నడుమ విరిగి సగము ఈ పంక్తిలోను సగము ఆ పంక్తిలోను పడును. ఆరాధనలో ఉన్నవారికి అర్థము తెలియవచ్చును. గోడ అవతల నిలిచి వినువానికి మాత్రము అది ఏ భాషయో కూడ తెలియదు.

అదే మహర్ల గూడెములలో రాత్రివేళ మ్రోగునది ఏమి? ఏకతార. దాని నిర్మాణము ఎంతో సులువు. ఎండిన సొరకాయ బుర్ర, దానికి గ్రుచ్చిన వెదురుకర్ర, ఆ చివరినుండి ఈ చివరికి ఒకే ఒక తంతి. మీటగా ఒకే స్వరము. పాడువాడు ఆ ఒక్క స్వరమును ఆధారము చేసికొని పైకిని క్రిందికిని పోయి మరల దానియొద్దకు వచ్చును. ఇంకొకని చేతిలో తాళములు. ఈ రెంటితో తెల్లవారువరకు పాడగలరు. వారు పాడునవి అభంగములు. పదునాల్గవ శతాబ్దములో చోఖామేళా అను మహరు భక్తుడుండెను. గుడిలోనికి రానియ్యబడక బయటనే నిలిచి పాడినవాడు. పదునేడవ శతాబ్దములో దేహూ గ్రామపు తుకారాం, దుకాణము నడుపుకొను శూద్రుడు, వేలకొలది అభంగములు చెప్పెను. పండితులు ఆక్షేపించిరి, జనులు మరువలేదు. చదువు రానివాని నోటిలో ఆ పాటలు నేటివరకు బ్రదికియున్నవి.

అభంగము నోట నిలుచుటకు దాని కొలతయే సాయము. నాలుగు పాదములు. మొదటి మూడింటికి ఆరేసి అక్షరములు, కడపటిదానికి నాలుగు. రెండవ పాదమును మూడవ పాదమును ఒకే ధ్వనితో ముగియును. కడపటి పాదము చిన్నదగుటచేత పాడువానికి ఊపిరి తీసికొన చోటు దొరకును, వినువానికి తిరిగి అందుకొన సందు దొరకును. కాగితము అక్కరలేదు. ఒకడు ఒక పాదము అనగా గుంపంతయు దానిని మరల అనును. ఓవీయు ఇట్టిదే, ఇంకను పాతది. ఆ ఓవీని క్రైస్తవులలో మొదట చేపట్టినవాడు గోవాలోనుండిన థామస్ స్టీఫెన్స్ అను ఇంగ్లీషు కేతొలిక గురువు. ఆయన 1616లోనే క్రీస్తు చరిత్రను పదివేలకు పైగా ఓవీలలో క్రైస్తవ పురాణముగా వ్రాసి అచ్చువేయించెను. మన ప్రొటెస్టెంటు సంఘములు ఆ దారి కనుగొనుటకు చాల కాలము పట్టెను.

తిలక్ గారు పండితుడు. సంస్కృత వృత్తములు ఆయన నాలుకపై ఆడుచుండెను. సంఘములో చేరిన తొలిదినములలో ఆయన వ్రాసిన వానిలో ఆ పాండిత్యము కనబడుచుండెను. అయితే అహ్మద్‌నగర్‌లో వేదాంత పాఠశాలయందు బోధించుచు, పల్లెలు తిరుగుచు, మట్టిగోడల గుడులలో ఆ పేదజనుల నడుమ కూర్చుండగా ఆయనకు ఒక సంగతి తేటపడెను. తుకారాం వంతెన మీదుగానే తాను క్రీస్తునొద్దకు వచ్చితినని ఆయన చెప్పుకొనెడివాడు. తాను దాటివచ్చిన వంతెనను వెనుక వచ్చువారి కొరకు నిలుపక కూల్చివేయుట ఏమి న్యాయము? కాబట్టి ఆయన పండితుల వృత్తమును ప్రక్కకుపెట్టి అభంగమును, భజన వరుసను చేపట్టెను. ఇది దిగివచ్చుట అని కొందరనవచ్చును. బ్రాహ్మణుడైన పండితుడు, అంటరానివారి ఏకతారకు సరిపడునట్లు తన మాటను కత్తిరించుకొనుటలో మాకు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము కనబడుచున్నది. ప్రభువు తన్ను తాను రిక్తునిగా చేసికొనిన సంగతి అక్కడనే గదా ఉన్నది.

మాటలు మార్చినంత మాత్రమున ఒక దేశపు పాట క్రైస్తవ పాట కాదు. విఠోబా అను చోట యేసు అని పెట్టి పాడినయెడల వినువారు నవ్వుదురు, లేదా నొచ్చుకొందురు. తిలక్ గారు అట్లు చేయలేదు. అభంగములో తుకారాం దేవుని తల్లీ అని పిలుచును, అలుగును, పోరును, ఎడబాటుకు ఏడ్చును. ఆ చనువును ఆయన తీసికొనెను. తన పాపము, క్షమాపణ, సిలువ, లేచిన ప్రభువుతో సహవాసము అను తన సొంత అనుభవమును ఆ చనువుతో పలికెను. అందుచేత ఆ పాటలు మరాఠీ జనులకు పరాయివిగా తోచలేదు, సువార్తకును లోటు రాలేదు. ఆయన వ్రాసిన కీర్తనలు నూటికి పైగా మరాఠీ క్రైస్తవుల పాటల పుస్తకములో చేరినవి. నికొల్ మక్నికొల్ దొరగారు వానిలో కొన్నిటిని ఇంగ్లీషులోనికి మార్చగా అవి ఇంగ్లీషువారి కీర్తనల పుస్తకములలో సైతము స్థానము పొందెను. ఒకప్పుడు పాటలు ఆ దేశమునుండి ఈ దేశమునకు వచ్చెడివి. ఈ సారి పాట ఎదురు ప్రయాణము చేసినది.

పాటతోపాటు కీర్తనము అను పద్ధతిని కూడ ఆయన వాడెను. మన హరికథను ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పువాడు తాళములు పట్టి నిలుచును, వెనుక మృదంగమును, శ్రుతియు, వంత పాడువారును ఉందురు. మొదట ఒక సత్యమును తీసికొని పాటతోను మాటతోను వివరించును. తరువాత దానికి తగిన ఒక కథను విప్పును. అట్టి కథలకు మన సువార్తలలో కొదువ ఏమి? తప్పిపోయిన కుమారుని కథ ఒక్కటే ఒక రాత్రికి చాలును. న్యాయముగా చెప్పవలెనన్న ఈ దారిని తెరచినవాడు తిలక్ గారు కారు. ఆయనకు ఒక తరము ముందే అహ్మద్‌నగర్ సంఘములోని కృష్ణరావు సాంగ్లే గారు క్రైస్తవ కీర్తనమును ఆరంభించియుండిరి. తిలక్ గారు దానికి కవిత్వపు బలము చేకూర్చిరి. మన తెలుగు సంఘములలో పురుషోత్తమ చౌదరి గారు మొదలగు భక్తులు రాగతాళములతో వ్రాసిన కీర్తనలను మనము ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో నేటికిని పాడుకొనుచున్నాము గనుక, ఆ మేలు ఎట్టిదో మనకు వేరొకరు చెప్పవలసిన పని లేదు.

1904లో ఆయన పాదిరిగా అభిషేకింపబడెను. 1912 మొదలు మిషనువారి జ్ఞానోదయ పత్రికలో మరాఠీ భాగమునకు సంపాదకుడుగా పనిచేసి, అందులోనే తన అభంగములను ప్రకటించుచు వచ్చెను. సంఘము వెలుపలి మరాఠీ లోకము కూడ ఆయనను తమ కవులలో ఒకనిగా ఎంచెను. పువ్వులను గూర్చియు పిల్లలను గూర్చియు ఆయన వ్రాసిన పద్యములను హిందువులు ఇష్టముగా చదివిరి. బాలకవి అని పేరుపొందిన ఠోంబరే అను హిందూ యువకుడు తిలక్ గారి యింట కన్నబిడ్డవలె ఉండి కవిత్వము వ్రాసికొనెను. ఆ యువకుడు 1918లో రైలు ప్రమాదములో మరణించినప్పుడు ఆ పాదిరిగారి యిల్లు ఎంత దుఃఖించియుండునో ఊహింపవచ్చును. మతము మార్చుకొనినవాడు తన జనులకు శత్రువగునను మాట ఆ కాలములో గట్టిగా వినబడుచుండెను. దానికి ఆయన వాదముతో జవాబు చెప్పలేదు. ఆయన యింటి తలుపు తెరచియుండెను, అంతే.

1917లో ఆయన మిషను ఉద్యోగమును విడిచిపెట్టెను. ఎవరిమీదను కోపముతో కాదు. జీతము పుచ్చుకొను బోధకుని మాటకంటె సన్యాసి మాటను ఈ దేశపు జనులు వినెదరని ఆయన నమ్మకము. కాషాయము ధరించి సతారాలో నివసించుచు దేవుని దర్బారు అను ఒక సహవాసమును ఆరంభించెను. అందులో బాప్తిస్మము పొందినవారును, పొందకయే క్రీస్తును గురువుగా అంగీకరించినవారును కలసి కూర్చుండవచ్చునని ఆయన తలంపు. ఈ విషయములో ఆయనతో మేము పూర్తిగా ఏకీభవింపజాలము. బాప్తిస్మము ప్రభువు ఆజ్ఞ. దానిని గుమ్మము వెలుపల పెట్టరాదు. ఆ కాలపు సంఘములోను కొందరు దీనిని గూర్చి కలవరపడిరి. అయినను కులము పోవునను భయముచేత గుమ్మము వెలుపలనే నిలిచిపోవువారి కొరకు ఆయన హృదయము ఎంత నొచ్చుకొనెనో మనము గ్రహింపగలము. నాలుగేండ్లు తన భార్య అట్టి గుమ్మము వెలుపల నిలిచియుండగా చూచినవాడాయన.

ఆ దర్బారు నిలదొక్కుకొనుటకు కాలము చాలలేదు. దేహము క్షీణించెను. 1919వ సంవత్సరము మే నెల 9వ తేదీన బొంబాయిలో ఆయన ప్రభువునందు నిద్రించెను. వయస్సు 57 సంవత్సరములు.

ఆయన బల్లమీద ఒక పని సగములో నిలిచిపోయెను. మరాఠీ జనులు తమ పురాణములను పాడుకొనునట్లే క్రీస్తు చరిత్రయంతటిని పాడుకొనునట్లు క్రీస్తాయనము అను పెద్ద కావ్యమును ఆయన 1909లో మొదలుపెట్టియుండెను. పత్రిక పనియు, పల్లెల తిరుగుడును, ఇంటికి వచ్చిపోవు జనమును అడ్డుపడుచుండగా పదిన్నర అధ్యాయములు మాత్రమే సాగెను. దానిని పూర్తి చేయుటకు పండితులెవరును ముందుకు రాలేదు. లక్ష్మీబాయి గారు కలము పట్టిరి. వివాహమైన తరువాత భర్తయొద్ద అక్షరములు దిద్దుకొనిన స్త్రీ ఆమె. చదువు ఎన్నడును కుదురుగా సాగలేదు. వినిన పాటలు మాత్రము చిన్ననాటినుండి ఆమె చెవిలోనుండెను. ఆమె తన స్మృతిచిత్రములను 1934 మొదలు ప్రకటించుచు, వాటితోపాటు ఈ కావ్యమును కూడ నడిపించుకొనుచు వచ్చి, భర్త విడిచిన చోటనుండి 64 అధ్యాయములు వ్రాసెను. 1936వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఆమెయు ప్రభువునొద్దకు చేరెను.